ముందు దీవి, ఆ తర్వాతే టికెట్టు

ప్రశ్న: మా పెళ్లయి పన్నెండేళ్లయింది. ఇన్నాళ్లకు జూన్‌లో ఐదు రాత్రులు మాల్దీవులలో గడపాలని డబ్బు కూడబెట్టుకున్నాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల పాప, 68 ఏళ్ల మా అత్తగారు వెళ్తాం. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. మాలో ఎవరికీ ఈత రాదు. నేనూ, అత్తగారూ శాకాహారులం. మావారికి నీళ్ల మీద కట్టిన విల్లాలో ఉండాలని, సీప్లేన్ ఎక్కాలని కోరిక. సాయంత్రం ఏడు గంటలకు అక్కడి రాజధాని మాలేలో దిగే విమానానికి టికెట్లు చౌకగా కనిపిస్తున్నాయి, ఇవాళో రేపో కొనేస్తానంటున్నారు. ఫొటోల్లో రిసార్టులన్నీ ఒకేలా ఉన్నాయి. దేన్ని చూసి ఎంచుకోవాలి? అత్తగారు తన పూజా విగ్రహం వెంట తెచ్చుకోవచ్చా? గవ్వలు ఏరుకుని ఇంటికి తెచ్చుకోవచ్చా అని పాప రోజూ అడుగుతోంది. — ఒక పాఠకురాలు

సమాధానం:

ఆ టికెట్లు ఇవాళ కొనవద్దని మీవారికి చెప్పండి. రేపు కూడా వద్దు. అవి చెడ్డ టికెట్లని కాదు, వాటిని కొనే సమయం ఇంకా రాలేదు.

మాల్దీవులలో సీప్లేన్లు, అంటే నీటి మీదే దిగి నీటి మీది నుంచే లేచే చిన్న విమానాలు, పగటి వెలుతురులోనే ఎగురుతాయి. సముద్రం మీద రన్‌వే దీపాలు ఉండవు కదా, పైలట్ కంటితో చూసుకునే దిగాలి. అందుకే మీ విమానం మధ్యాహ్నం మూడు, మూడున్నర లోపు దిగితేనే ఆ రోజు సీప్లేన్ అందుతుందని లెక్క. ఏడింటికి దిగితే ఆ రాత్రి మాలేలోనో, పక్కనే ఉన్న హుళుమాలేలోనో గది తీసుకోవాలి. అదే రాత్రికి రిసార్టులోనూ గది బుక్ చేసి ఉంటే ఆ డబ్బు పోయినట్టే. టికెట్టులో మిగిలింది అక్కడ ఖర్చయిపోతుంది, పైగా ఐదు రాత్రులలో ఒకటి తగ్గుతుంది. అదే మీరు స్పీడ్‌బోటుతో చేరుకునే దగ్గరి దీవిని ఎంచుకున్నారనుకోండి, ఏడు గంటల విమానమైనా పెద్ద ఇబ్బంది లేదు, చాలా రిసార్టులు రాత్రి కూడా బోటు నడుపుతాయి. అంటే ఆ టికెట్టు మంచిదా కాదా అన్నది మీరు వెళ్లే దీవిని బట్టి ఉంటుంది. దీవి ఇంకా ఖరారు కాలేదు.

మీ ఉత్తరంలో నాకు కనిపించిన అసలు చిక్కు ఇదే. మీరు గదీ, సీప్లేనూ, టికెట్టూ ముందు అనుకుని, దీవి ఏదన్నది చివరికి వదిలేశారు. మాల్దీవుల ప్రయాణాన్ని సరిగ్గా దీనికి ఎదురు దిశలో ఆలోచించాలి. ఎందుకంటే మనం మిగతా ఊళ్లలో హోటల్ ఎంచుకుంటాం, అక్కడ మాత్రం దీవిని ఎంచుకుంటాం. 26 అటోల్‌లలో, అంటే పగడపు దీవుల గుంపులలో, 1,192 దీవులు ఉంటే, జనం నివసించేవి వాటిలో సుమారు 200. రిసార్టులవి వేరే దీవులు, ఒక్కో దీవికి ఒక్కటే రిసార్టు. 1972లో మాలేకు దగ్గరలో కురుంబా అనే మొదటి రిసార్టు తెరిచినప్పటి నుంచి అక్కడి పద్ధతి ఇదే. తిండి నచ్చకపోతే పక్క వీధిలో తినివద్దామంటే పక్క వీధి ఉండదు. సముద్రం నచ్చకపోతే ఇంకో బీచికి నడిచి వెళ్దామంటే నాలుగడుగులు వేస్తే మళ్లీ మొదలుపెట్టిన చోటికే వస్తారు. ఆ దీవిలో ఏది ఉంటే అదే మీ ఐదు రోజులు. అందుకే ఫొటోలన్నీ ఒకేలా కనిపించినా, వాటిలోని దీవులు ఒకటి కావు.

తేడా ఎక్కడుందో తెలియాలంటే అటోల్ అంటే ఏమిటో కాస్త తెలుసుకోవాలి. ఆ మాట మాల్దీవుల భాష ధివేహి నుంచే ప్రపంచానికి వెళ్లింది. సముద్రంలో పెద్ద ఉంగరంలా పెరిగిన పగడపు దిబ్బ, దాని మీద అక్కడక్కడ ఇసుక పోగై ఏర్పడిన చిన్న చిన్న దీవులు, మధ్యలో ప్రశాంతమైన నీరు. ఒక్కో దీవి చుట్టూ కూడా లోతులేని నీరు కొంత దూరం ఉంటుంది, దాన్ని లగూన్ అంటారు. అది ముగిసే చోట దిబ్బ అంచు వస్తుంది. అక్కడ నేల గోడలా లోతుకు దిగిపోతుంది. రంగురంగుల చేపలు, తాబేళ్లు ఆ అంచు దగ్గరే ఉంటాయి. దీవికి ఆనుకుని ఉన్న ఈ అంచునే హౌస్ రీఫ్ అంటారు. కొన్ని దీవులలో అది ఒడ్డు నుంచి 20, 30 మీటర్లలోనే ఉంటుంది. కొన్నిటిలో అరకిలోమీటరు దూరంలో ఉంటుంది, బోటు వేసుకునే వెళ్లాలి. కొన్ని దీవుల చుట్టూ తెల్లటి ఇసుకా, లేత నీలం నీరూ తప్ప ఏమీ ఉండదు. ఫొటోలో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఈ మూడో రకమే. నీటిలో చూడటానికి అన్నిటికన్నా తక్కువ ఉండేదీ అదే.

ఈత రాని నలుగురికి, అందులో ఒక చిన్న పిల్లకు, కావలసింది ఒక వైపు విశాలమైన లోతులేని లగూన్, మరో వైపు అందుబాటులో హౌస్ రీఫ్ ఉన్న దీవి. అలాంటివి మాలే చుట్టూ ఉన్న ఉత్తర మాలే, దక్షిణ మాలే అటోల్‌లలోనూ దొరుకుతాయి. రిసార్టు ఫొటోలు పక్కన పెట్టి ఆ దీవి ఉపగ్రహ చిత్రాన్ని ఫోనులో తెరిచి చూడండి. లేత రంగు నీరు ఎంత దూరం ఉందో, ముదురు నీలం ఎక్కడ మొదలవుతోందో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రెండు రంగులు కలిసే గీతే మీరు వెతుకుతున్న అంచు. నేను ఏ దీవికి వెళ్లే ముందైనా మొదట చూసేది ఆ గీతనే.

ఇక మీవారి సీప్లేన్ సంగతి. ఆ కోరికను నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే అది నిజంగా మరిచిపోలేని ప్రయాణం. నీటిలో తేలే చెక్క తెప్ప మీది నుంచి చిన్న మెట్లెక్కి లోపలికి వెళ్తాం. విమానంలో పదిహేను మంది దాకా పడతారు. ముందు కూర్చున్న పైలట్లు చాలాసార్లు చెప్పులు లేకుండా వట్టి కాళ్లతోనే ఉంటారు. ఇంజిన్ల మోతకు పక్కవారి మాట వినబడదు. ఒక్కసారి నీరు చీల్చుకుని పైకి లేచాక, కింద ముదురు నీలం గుడ్డ మీద ఎవరో పచ్చటి పూసలు, చుట్టూ తెల్లటి దారం పెట్టి కుట్టినట్టు దీవులు కనిపిస్తాయి. అటోల్ అనే మాటకు అర్థం పుస్తకంలో కన్నా ఆ కిటికీలోంచే బాగా తెలుస్తుంది.

అయినా ఈసారికి వద్దనే అంటాను. కదిలే తెప్ప మీది నుంచి ఇరుకైన నిటారు మెట్లు ఎక్కడం, దిగడం మీ అత్తగారి మోకాళ్లకు కష్టం. లోపల నిటారుగా నిలబడే ఎత్తు ఉండదు, మరుగుదొడ్డి ఉండదు. ఒక్కొక్కరికి 20 కిలోల సామాను, చేతిలో 5 కిలోలు, అంతకు మించితే అదనపు రుసుము. రానుపోను ఛార్జీ మనిషికి వందల డాలర్లలో ఉంటుంది. అన్నిటికన్నా విసుగు పుట్టించేది నిరీక్షణ. మీరు ఎన్ని గంటలకు బయలుదేరాలో సాధారణంగా ముందు రోజు సాయంత్రం గానీ తెలియదు, దిగాక విమానాశ్రయంలో రెండు మూడు గంటలు కూర్చోవలసి రావచ్చు. నడుము పట్టేసిన పెద్దావిడతో, ఆకలేసిన పిల్లతో ఆ గంటలు ఎంత బరువుగా గడుస్తాయో నేను పక్కన కూర్చుని చూశాను. మీరిద్దరే వెళ్లే రోజు తప్పక వస్తుంది, సీప్లేన్‌ను ఆ రోజుకు ఉంచుకోండి. అంతగా మనసు ఊరుకోకపోతే, ఉన్న చోటి నుంచే గాలిలో ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చే విహార విమానం ఉందా అని రిసార్టును అడగండి, మీవారూ పాపా వెళ్లి వస్తారు.

కాబట్టి విమానాశ్రయం నుంచి స్పీడ్‌బోటులో గంటలోపు చేరే దీవినే చూడండి. నలభై నిమిషాలలోపు అయితే ఇంకా మంచిది. బోటులో ముందు వరుస ఖాళీగా ఉంటే సంతోషపడి కూర్చోకండి. అల మీద అల తగిలినప్పుడు ముందు భాగమే ఎగిరెగిరి పడుతుంది. అత్తగారిని వెనుక వైపు, మధ్యలో కూర్చోబెట్టి, నడుము కింద ఒక మెత్తటి దుప్పటి మడత పెట్టండి. జూన్‌లో సముద్రం కుదుపుతుంది, కడుపులో తిప్పే అలవాటున్నవారు బోటు ఎక్కడానికి ముందే మాత్ర వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే అంతగా పనిచేయదు.

జూన్ అన్నారు కాబట్టి వానల గురించి చెప్పాలి. డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య గాలుల కాలం, అక్కడివాళ్లు ఇరువై అంటారు. పొడిగా ఉంటుంది, ధరలు మండిపోతాయి. మే నుంచి నవంబరు దాకా నైరుతి కాలం, హుళంగు. మీరు వెళ్లేది అందులో. వేడిలో తేడా ఉండదు, సముద్రం నీరు గోరువెచ్చగానే ఉంటుంది. వాన తరచుగా గంటా రెండు గంటలు దబదబా కురిసి వెలుస్తుంది, కానీ రెండు మూడు రోజులు ముసురు పట్టే అవకాశమూ ఉంది. ఆ సంగతి ముందే మనసులో పెట్టుకుని వెళ్తేనే జూన్‌లో వెళ్లాలి. ఒక్క ఎండ రోజు కోసం ఏడాదంతా ఎదురు చూసినట్టు వెళ్తే మనసు కష్టపెట్టుకుంటారు. ధరలు తగ్గడం మాత్రం నిజం.

రిసార్టుల ఫొటోలు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. అక్కడి ఇసుక కదులుతుంది. ఈశాన్య గాలుల కాలంలో అలలు ఇసుకను దీవికి ఒక పక్కకు తోస్తాయి, నైరుతి గాలులు మొదలవగానే అదే ఇసుకను ఎదుటి పక్కకు మళ్లిస్తాయి. చిన్న దీవి ఏటా ఇలా ఒళ్లు తిప్పుకుంటూ ఉంటుంది. జనవరిలో తీసిన ఫొటోలో మీ గది ముందు వెడల్పాటి బీచి ఉండవచ్చు, జూన్‌లో అదే చోట అలలు చెట్ల వేళ్లను తాకుతూ ఉండవచ్చు. కాబట్టి బుక్ చేసే ముందు రిసార్టుకు ఒక్క ప్రశ్న రాయండి: “జూన్‌లో ఏ వైపు గదుల ముందు ఇసుక ఉంటుంది, ఏ వైపు నీరు ప్రశాంతంగా ఉంటుంది?” నైరుతి గాలి పడమటి వైపు నుంచి కొడుతుంది కనుక మామూలుగా తూర్పు వైపే మేలు. సూర్యాస్తమయం కనిపించే గదులకు ఎక్కువ ధర అడుగుతారు, అవి పడమటి వైపువి. జూన్‌లో ఆ అదనపు డబ్బుతో మీరు కొనుక్కునేది గాలీ, అలల హోరూ. సూర్యాస్తమయం చూడటానికి సాయంత్రం అవతలి ఒడ్డుకు పది నిమిషాలు నడిస్తే చాలు.

నీళ్ల మీద విల్లాల విషయంలో మీవారు నొచ్చుకోకుండా వినాలి. ఆ గదికి పడక పక్కనుంచి నేరుగా సముద్రంలోకి మెట్లు ఉంటాయి. వసారాకు చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. రాత్రి అలికిడికి లేచిన పిల్ల తలుపు తీసుకుని రెండడుగులు వేస్తే నీరే. ఈత రాని తొమ్మిదేళ్ల పిల్లతో అక్కడ నాలుగు రోజులు ఉంటే మీ ఇద్దరిలో ఒకరు నిద్ర మానుకోవలసిందే. చాలా రిసార్టులు ఫలానా వయసులోపు పిల్లలను ఆ గదులలోకి అనుమతించకపోవడానికి కారణం కూడా ఇదే. పైగా ఆ విల్లాలు పొడవాటి చెక్క వంతెన చివర ఉంటాయి. భోజనశాలకు, తిరిగి గదికి రోజుకు ఆరుసార్లు ఆ వంతెన నడవడం అత్తగారికి కుదరదు, ప్రతిసారీ బండి కోసం ఫోను చేసి నిలబడాలి. మీకు ఒడ్డున, భోజనశాలకు దగ్గరగా, రెండు పడకగదులున్న బీచి విల్లానో, మధ్యలో తలుపుతో కలిసిన రెండు గదులో కావాలి. తలుపు తీస్తే ఇసుక, నాలుగడుగుల్లో మోకాలి లోతు నీరు. అత్తగారు అరుగు మీద కూర్చుని మనవరాలిని చూసుకోగలరు. నా మాట నమ్మండి, ఇంటికి వచ్చాక ఆవిడ చెప్పుకునేది ఆ అరుగు గురించే.

డబ్బు దగ్గర ఒక చిన్న గుర్తు చూసుకోండి. ధర పక్కన రెండు కూడిక గుర్తులు కనిపిస్తే అది అసలు ధర కాదు. 100 డాలర్లని రాసి ఉంటే, దాని మీద 10 శాతం సేవా రుసుము చేరి 110 అవుతుంది, ఆ 110 మీద 17 శాతం పర్యాటక పన్ను పడి 128 డాలర్ల 70 సెంట్లు అవుతుంది. గదికే కాదు, నీళ్ల సీసా నుంచి స్నార్కెలింగ్ (మాస్కు పెట్టుకుని తేలుతూ నీటిలోకి చూడటం) ట్రిప్పు దాకా అన్నిటికీ ఇదే లెక్క. ఇది కాక హరిత పన్ను, 2025 జనవరి నుంచి రిసార్టులలో రోజుకు మనిషికి 12 డాలర్లు. మీ నలుగురికి ఐదు రాత్రులకు 240 డాలర్లు. రెండేళ్లలోపు పిల్లలకే మినహాయింపు, కాబట్టి పాపకూ కట్టాలి. బోటు ఛార్జీ చాలాసార్లు ఇంకో వరుసలో, చిన్న అక్షరాలలో ఉంటుంది. అందుకే రెండు రిసార్టులను పోల్చేటప్పుడు గది ధరను పోల్చకండి. “నలుగురికి, ఐదు రాత్రులకు, బోటు, భోజనం, అన్ని పన్నులతో కలిపి చివరి మొత్తం ఎంత?” అని అడిగి ఆ ఒక్క అంకెనే పోల్చండి. గది ధర తక్కువగా కనిపించిన రిసార్టు ఆ లెక్కలో ఖరీదైనదిగా తేలడం నేను చాలాసార్లు చూశాను.

రిసార్టులలో లెక్కంతా డాలర్లలోనే, వెళ్లే రోజు కార్డుతో కట్టేయవచ్చు. మాల్దీవుల కరెన్సీ రుఫియా, డాలరుకు 15.42 రుఫియాల అధికారిక మారకం ఉన్నా, రిసార్టులో రుఫియాలతో మీకు పని పడదు. చిన్న డాలరు నోట్లు కొన్ని ఉంచుకోండి, గది శుభ్రం చేసే అబ్బాయికి, బోటులో సామాను అందుకునేవాడికి ఇవ్వడానికి.

భోజనం గురించి మొహమాటపడకుండా ఉత్తరం రాయాలి. దీవిలో ఇంకో దారి లేదు కాబట్టి మూడు పూటలా కలిసిన ఫుల్ బోర్డ్ తీసుకోండి. రెండు పూటల పథకం చౌకగా కనిపిస్తుంది గానీ, పాపకు మధ్యాహ్నం పూట విడిగా కొన్న ప్లేటే ఆ తేడాను తినేస్తుంది. తాగే నీరు అందులో కలిసి ఉందా లేదా అని కూడా అడగండి, చాలాచోట్ల ఉండదు. మాల్దీవుల వంటలో ట్యూనా చేపే ప్రాణం. అల్పాహారంలో పెట్టే మస్ హుని చూడటానికి కొబ్బరి పచ్చడిలా ఉంటుంది. తురిమిన కొబ్బరి, ఉల్లి, మిరప కనిపిస్తాయి, వాటిలో సన్నగా తరిగిన ట్యూనా కలిసి ఉంటుంది. మస్ అంటేనే చేప. దాని పక్కన పెట్టే రోషి మాత్రం మన రొట్టె లాంటిదే. పెద్ద రిసార్టులలో శాకాహారం బాగానే దొరుకుతుంది. కానీ “చేప కూడా తినం, చేపతో చేసిన పులుసు, సాస్ కూడా వద్దు” అని ముందుగా రాసి, చేరిన మొదటి పూటే వంటశాల పెద్దను కలిసి చెప్పండి. ఆ రెండు నిమిషాల మాటతో అత్తగారు ప్రతి పళ్లెం ముందూ అనుమానంగా ఆగిపోవలసిన అవసరం ఉండదు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచిన సంగతి. ప్రయాణానికి ఇంకా సమయం ఉంది కదా, మీరు, మీవారు, పాప ఈత నేర్చుకోవడం మొదలుపెట్టండి. ఈతగాళ్లు కానక్కరలేదు. కంగారు పడకుండా వెల్లకిలా తేలడం, ముఖం నీటిలో పెట్టి నోటితో ఊపిరి తీయడం, ఈ రెండూ వస్తే చాలు. నాలుగైదు వారాల్లో వస్తాయి. మీరు ఖర్చు పెట్టే డబ్బంతా ఆ నీటి కోసమే. ఆ నీటిలోకి తల వంచి చూడకుండా తిరిగి వస్తే పైపైన చూసి వచ్చినట్టే.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాకూ ఈత అంతంత మాత్రమే. లైఫ్ జాకెట్ వేసుకుని, గైడు పట్టుకున్న ఎర్రటి తేలుడు చక్రాన్ని వదలకుండా లగూన్ దాటాను. కింద తెల్లటి ఇసుక, దాని మీద నీటి వెలుగు గళ్లు గళ్లుగా కదులుతోంది. అక్కడక్కడ ఒక పగడపు బండ. ఉన్నట్టుండి కింద నేల లేదు. నీలం, ఇంకా ముదురు నీలం, ఆ గోడ పొడుగునా పసుపు, ఊదా చేపలు గుంపులు గుంపులుగా. చెవుల్లో పటపటమని సన్నటి చప్పుడు. చిన్న రొయ్యలు గోళ్లతో చేసే చప్పుడని గైడు తర్వాత చెప్పాడు. ఒక తాబేలు నా కిందుగా, నన్ను పట్టించుకోకుండా, పగడాన్ని కొరుకుతూ పోయింది. చక్రాన్ని పట్టుకున్న నా వేళ్లు ఎప్పుడు సడలాయో నాకు తెలియలేదు.

మీకూ అది దక్కాలంటే కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. గైడు లేకుండా హౌస్ రీఫ్ దగ్గరికి వెళ్లవద్దు. దీవుల మధ్య కాలువలలో ప్రవాహం బలంగా ఉంటుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. లైఫ్ జాకెట్ పాపకు తప్పనిసరి, మీకూ అంతే, అందులో చిన్నతనం ఏమీ లేదు. లోపలికి దిగే చోటు, పైకి వచ్చే చోటు ముందే చూసి గుర్తు పెట్టుకోండి. పగడాల మీద నిలబడకూడదు. అవి ప్రాణులు, ఎన్నో ఏళ్లు పెరిగినవి ఒక్క పాదానికి విరుగుతాయి. 1998లో, 2016లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి చచ్చిపోయాయి. మీ పాదానికైనా మంచిది కాదు, ఆ గీతలు త్వరగా మానవు.

మాస్కు ఎవరిది వాళ్లు ముందే కొనుక్కోవడం మంచిది. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. పట్టీ తలకు తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి లోపలికి పీల్చండి. చేయి వదిలేసినా అది అలాగే అంటుకుని ఉంటే మీ ముఖానికి సరిపడినట్టు. జారిపోతే ఎంత ఖరీదైనదైనా నీరు కారుతుంది. నీటిలో బోర్లా తేలుతున్నప్పుడు వీపు ఎండుతుంది, చల్లగా ఉండటంతో మంట తెలియదు, రాత్రి పడుకోలేరు. అందుకని అందరికీ పొడుగు చేతుల ఈత చొక్కాలు కొనండి. నూనెలు, లేపనాల కన్నా అవి నయం, పగడాలకూ మేలు.

ఐదు రోజుల్లో ఒక పూట దగ్గరలోని జనావాస దీవికి వెళ్లి రండి, రిసార్టే ఏర్పాటు చేస్తుంది. 2009 తర్వాతే అలాంటి దీవులలో గెస్ట్‌హౌసులకు అనుమతి వచ్చింది. మాఫుషీ లాంటివి ఇప్పుడు వాటితో నిండిపోయాయి. తక్కువ డబ్బుతో వెళ్లేవారికి, ఇద్దరు స్నేహితులకు నేను వాటినే చెబుతాను. మీ కుటుంబానికి అక్కడ బస వద్దనడానికి కారణం అత్తగారి నడక, మీ శాకాహారం. కానీ చూసి రావడం మాత్రం మానకండి. ఇంటి ముందు చెట్టు కింద కొబ్బరి తాడుతో అల్లిన జోలి కుర్చీలు ఉంటాయి, మన జోలెలా ఒళ్లు పట్టి కూర్చోబెడతాయి. మధ్యాహ్నం వేళ ఊరి ఆడవాళ్లు వాటిలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. అత్తగారిని కూడా కూర్చోమంటారు. ఆ దీవులలో భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి, ఈత దుస్తులు వాటికి కేటాయించిన బీచిలోనే. శుక్రవారం వెళ్లకండి, ఆ రోజు వాళ్లకు ప్రార్థన దినం, దుకాణాలు చాలాసేపు మూసి ఉంటాయి.

కాగితాలు త్వరగా చెప్పేస్తాను. వీసా అక్కడ దిగాక ఉచితంగానే ఇస్తారు, గది బుకింగు, తిరుగు టికెట్టు చూపాలి. బయలుదేరే ముందు 96 గంటలలోపు ఇముగా అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఒక్కొక్కరి పేరున ప్రయాణ పత్రం నింపాలి, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ నింపాలి. దానికి రుసుము లేదు, డబ్బు అడిగితే అది దొంగ వెబ్‌సైటు అని అర్థం. అత్తగారి మందులు డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో పెట్టండి. వైద్య బీమా తీసుకోండి, దీవి నుంచి ఆసుపత్రికి బోటులో తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చదివి మరీ తీసుకోండి. మద్యం సీసాలు, పంది మాంసం, ఈ-సిగరెట్లు తీసుకెళ్లకూడదు.

విగ్రహం సంగతి అత్తగారికి మీరే మెల్లగా చెప్పాలి. మాల్దీవుల కస్టమ్స్ నిషేధించిన వస్తువులలో ఆరాధనకు వాడే విగ్రహాలు కూడా ఉన్నాయి. అది వారి దేశ నియమం. రోజూ తన చేత్తో పూజించుకునే మూర్తిని ఒక అధికారి బల్ల మీద వదిలి రావలసిన పరిస్థితి ఆవిడకు రాకూడదు. దాన్ని ఇంట్లోనే భద్రంగా ఉంచి, ఆ ఐదు రోజులు ఇంట్లో దీపం పెట్టే మనిషిని ముందే మాట్లాడి పెట్టండి. నోటికి వచ్చిన స్తోత్రాలు ఎక్కడైనా చదువుకోవచ్చు. తెల్లవారుజామున తూర్పు ఒడ్డున, ఎవరూ లేని వేళ, సముద్రం లోంచి సూర్యుడు లేస్తుంటే ఆవిడ కూర్చునే చోటు అరుగుకు నాలుగడుగుల్లోనే ఉంటుంది. తూర్పు వైపు గది తీసుకోమనడానికి ఇది రెండో కారణం.

తిరుగు ప్రయాణానికి ఒక జాగ్రత్త. చాలా రిసార్టులు తమ గడియారాన్ని మాలే సమయం కన్నా ఒక గంట ముందుకు జరుపుకుంటాయి, పొద్దు కాస్త ఎక్కువసేపు ఉన్నట్టుంటుందని. మీ ఫోను మాత్రం మాలే సమయమే చూపిస్తుంది. చివరి రోజు బోటు ఎన్ని గంటలకో చెప్పినప్పుడు, “ఇది దీవి సమయమా, మాలే సమయమా?” అని అడిగి కాగితం మీద రాసుకోండి.

పాప ప్రశ్నను చివరికి ఉంచాను, అది నాకు అన్నిటికన్నా నచ్చింది కాబట్టి. చేతిలో చిల్లిగవ్వ లేదని మనం అంటాం కదా, ఒకప్పుడు గవ్వ నిజంగా డబ్బే. బెంగాల్, ఒడిశా సంతల్లో నాణేలుగా చెల్లిన గవ్వలు చాలావరకు మాల్దీవుల సముద్రంలోంచి ఓడల్లో వచ్చినవే. 14వ శతాబ్దంలో అక్కడ ఉండి వెళ్లిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, బెంగాలీలు బియ్యం ఇచ్చి గవ్వలు తీసుకువెళ్లేవారని రాశాడు. ఈ కథ విమానంలో పాపకు చెప్పండి. ఇప్పుడు మాత్రం పగడపు ముక్కలు, తాబేటి చిప్పలు దేశం దాటించడం నేరం, గవ్వలు కూడా ఏరి తేవద్దు. ఎందుకు తేకూడదో పాప తనే తెలుసుకుంటుంది. సాయంత్రం ఎండ తగ్గాక ఒడ్డున తనకు నచ్చిన గవ్వను తీసి అరచేతిలో పెట్టుకుని, కదలకుండా, మాట్లాడకుండా ఒక నిమిషం ఆగమనండి. ఆ గవ్వను ఇల్లుగా చేసుకున్న చిన్న పీత ఉంటే, ముందు సన్నటి ఎర్రటి కాలు ఒకటి బయటికి వస్తుంది, తర్వాత రెండు చిన్న కళ్లు.